నీళ్ళు తీసేసిన రసం

గడ్డకట్టిన సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఒక్కసారి గట్టిగా తిప్పాడు. లోపల మంచుగడ్డ కదిలింది. మూత తీసి, సీసాను తలకిందులు చేసి, గాజు జాడీ మూతి మీద నిలబెట్టాడు. జారిపోకుండా మెడ చుట్టూ తడిగుడ్డ చుట్టాడు. ఇక చేసేదేమీ లేదు, కనిపెట్టుకుని ఉండడమే.

మొదటి చుక్క పడడానికి కాస్త సేపు పట్టింది. ముదురు నారింజ రంగులో, తేనెలా సాగుతూ పడింది. తర్వాత చుక్క వెనక చుక్క. తీపీ పులుపూ వాసనా ముందు కిందికి దిగిపోతాయి. నీళ్ళు మాత్రం మంచై, తెల్లబడి సీసాలోనే ఉండిపోతాయి. ఎనిమిది నారింజకాయల రసం చివరికి ఒక చిన్న గ్లాసుడు అవుతుంది. ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. ఒకసారి కరెంటు పోయి, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన రసం కారిపోతుంటే వేలితో నాకి చూశాడు. ఆ చూడడంలోనే తెలిసింది.

వీధిలో అందరూ అతన్ని చిక్కనయ్య అంటారు. పదకొండేళ్ళుగా ఆసుపత్రికి వెళ్ళే దారిలో పండ్లరసాల షాపు నడుపుతున్నాడు. నీళ్ళు కలపడు, చక్కెర వేయడు, రంగు మాట ఎత్తనివ్వడు. పండును చేతిలోకి తీసుకుని తూచినట్టు ఒకసారి ఎగరేస్తే చాలు, ఎంత రసం దిగుతుందో చెప్పేస్తాడు. "నీళ్ళు కలపడానికి నేనెందుకు, కుళాయి చాలదా?" అన్నది అతని మాట. ఎవరైనా వచ్చి జబ్బు మనిషికి కావాలంటే, "అట్లాగా, ఉండండి," అని అడక్కుండానే ఇంకో రెండు కాయలు పిండేవాడు. తను చేయగల పుణ్యం అదేనని అతని నమ్మకం.

ఈ చిన్న గ్లాసు మాత్రం అమ్మకానికి కాదు. బావ కోసం.

బావ, అంటే అక్క భర్తకి, తాళాల షాపు. పోయిన తాళంచెవికి కొత్తది కోసిపెట్టడం, తెరుచుకోని పెట్టెను తెరవడం ఆయన పని. రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాదైంది. మంగళ, గురు, శనివారాల్లో ఆసుపత్రికి వెళ్ళి నాలుగు గంటలు మిషను మీద పడుకుంటాడు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని కట్టడి పెట్టారు. అక్క పొద్దున్నే ఒక సీసా నింపి బల్ల మీద పెడుతుంది. టీ అయినా, మందు మింగడానికైనా అందులోంచే తీయాలి. సాయంత్రానికి సీసా ఖాళీ. బావ పెదవులు తడుపుకుంటూ ఆ సీసా వంక చూస్తూ ఉంటాడు.

చిక్కనయ్యకి అది చూడబుద్ధయ్యేది కాదు. అతనికి బుర్రకెక్కింది ఒకటే, బావకి నీళ్ళు శత్రువు అని. శత్రువు నీళ్ళైతే నీళ్ళు తీసేస్తే సరి. పండు ఏం పాపం చేసింది?

పండ్లరసాలు పనికిరావన్నారని అక్క ఒకసారి చెప్పకపోలేదు. "బజారు రసాల గురించి అయ్యుంటుందిలే అక్కా. సగం నీళ్ళు, సగం చక్కెర," అని కొట్టిపారేశాడు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నాలుగు పేజీల కాగితాన్ని అక్క వంటింటి అల్మరా తలుపుకి లోపలివైపు అంటించింది. దాన్ని వందసార్లు చూశాడు, ఒక్కసారీ చదవలేదు. కాగితం చూసి పని చేసేవాడంటే అతనికి మొదటినుంచీ చిన్నచూపు. అక్క ఊరికే కంగారు పడుతుందని ఈ గ్లాసు సంగతి ఆమెకి చెప్పలేదు. బావా చెప్పలేదు. ఇలా పది రోజులైంది.

ఆ సోమవారం గ్లాసుకి మూత బిగించి, గుడ్డలో చుట్టుకుని రెండు వీధులు దాటి తాళాల షాపుకి వెళ్ళాడు. బావ స్టూలు మీద కూర్చుని ఆకురాయితో తాళంచెవి పళ్ళు దిద్దుతున్నాడు.

"వచ్చావా బావమరిదీ! నా ప్రాణం లేచొచ్చింది. వెనకాల ఎవరూ రావడంలేదు కదా?"

"ఎవరొస్తారు?"

"మీ అక్కకి ఈ వీధిలో నలుగురు గూఢచారులున్నారు. ఎదురింటి టైలరు వాళ్ళకి పెద్ద. సూది బెజ్జం కనబడదు గాని, నేనేం మింగుతున్నానో మాత్రం కనబడుతుంది వాడికి."

బావ గోడవైపు తిరిగి గ్లాసు ఎత్తాడు. ఒక్కో గుక్కా నోట్లో తిప్పుకుని తిప్పుకుని మింగాడు. అడుగున అంటుకున్నది వేలితో తుడిచి నాకాడు.

"ఒరేయ్, నువ్వు తాళాల పని నేర్చుకోవాల్సిందిరా. పండు లోపలికి ఇలా దొంగలా దూరినవాణ్ణి నేను చూళ్ళేదు." గ్లాసు ఇచ్చేస్తూ తొడలు రుద్దుకున్నాడు. "కాళ్ళేమిటో బరువుగా ఉన్నాయి. పొద్దున మెట్లు దిగుతుంటే ఎవరి కాళ్ళో అరువు తెచ్చుకున్నట్టుంది."

"రెండ్రోజులైంది కదా మిషను ఎక్కి. నీరసం. ఇది పడింది కదా, బలం వస్తుంది చూడు," అన్నాడు చిక్కనయ్య.

ఆ మాట తర్వాత చాలాకాలం అతని చెవిలోంచి పోలేదు.

మధ్యాహ్నం అవుతుండగా టైలరు మెడలో టేపు వేలాడుతుండగానే పరుగెత్తుకొచ్చాడు. "మీ బావ స్టూలు మీంచి లేవబోయి కూలబడిపోయాడయ్యా! కాళ్ళు గుడ్డపీలికల్లా ఉన్నాయి. మాట కూడా సరిగా రావట్లేదు."

ఇద్దరూ కలిసి ఎత్తి ఆటోలో వేశారు. ఆసుపత్రిలో ఛాతీకి తీగలు తగిలించి, కాగితం మీద గీతలు చూసి, డాక్టరు ఒక్క క్షణం కూడా నిలబడలేదు. ఇంజెక్షన్లు పడ్డాయి. మంచాన్ని అట్లాగే తోసుకుంటూ మిషను గదిలోకి తీసుకుపోయారు. గంటన్నర తర్వాత ఆ డాక్టరే బయటికొచ్చింది.

"పొటాషియం బాగా పెరిగిపోయింది. గుండె కొట్టుకోవడం మందగించింది. ఇంకాస్త ఆలస్యమైతే ఆగిపోయేది. ఇప్పుడు పర్లేదు." తర్వాత అక్క వైపు తిరిగింది. "ఏం తిన్నారాయన?"

అక్క అప్పుడే బడి నుంచి వచ్చింది. ఆమె పెద్ద బడిలో వంటమనిషి. నాలుగు వందల మంది పిల్లలకి ఇరవై ఏళ్ళుగా వండుతోంది. కొంగుకి ఇంకా పిండి అంటుకునే ఉంది. వేళ్ళు మడుస్తూ వండినవన్నీ గుర్తుచేసుకోసాగింది.

చిక్కనయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పొటాషియం అన్న మాట అతను వినకపోలేదు. అదేదో మందు పేరనుకున్నాడు ఇన్నాళ్ళూ.

మర్నాడు పొద్దున ఆహారం సంగతి చూసే డైటీషియన్ వచ్చి వరండాలో బెంచీ మీద అక్క పక్కన కూర్చుంది. చిన్నపిల్లే, పాతికేళ్ళు ఉంటాయేమో. చేతిలో బావకి రాసిచ్చిన కాగితం నకలు, ఒక పెన్ను.

"అమ్మా, భయపడకండి. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి, అంతే. మనలాంటి వాళ్ళకి పొటాషియం ఎక్కువైతే కిడ్నీలు బయటికి పంపేస్తాయి. ఆయనకి ఆ దారి లేదు కదా. మిషనే దిక్కు. మిషను లేని రోజుల్లో లోపల పేరుకుంటుంది. పేరుకుంటే ముందు కాళ్ళు, తర్వాత గుండె. ఆదివారం ఏం వండారు?"

అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఏ కూరగాయ ఎన్ని ముక్కలు కోసింది, పొటాషియం నీళ్ళలోకి దిగిపోవడానికి ఎంతసేపు నానబెట్టింది, ఎన్ని నీళ్ళు పోసి ఉడికించింది, ఎన్ని వంపేసింది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"బంగాళాదుంపలు," అంది. "గ్యాస్ అయిపోవచ్చింది. రెండోసారి నీళ్ళు మార్చలేదమ్మా. ఒక్క నీళ్ళతోనే దించేశాను."

"ఎన్ని దుంపలు?"

"రెండు. చిన్నవే. నా చేతుల్తోనే, నా చేతుల్తోనే పెట్టాను."

డైటీషియన్ తల అడ్డంగా ఊపింది. "రెండు చిన్న దుంపలకి ఇంత పెరగదమ్మా. ఇంకేదో ఉంది. కొబ్బరినీళ్ళు? టమాటా? పండ్లరసం?" ఎదురుగా నిలబడ్డ అతని వైపు చూసింది. "మీరు?"

"నా తమ్ముడు," అంది అక్క. అంత బాధలోనూ ఆ మాట కొంచెం నిటారుగా వచ్చింది. "పండ్లరసాల షాపే వీడిది. అయినా బావకి ఒక్క చుక్క ఇవ్వడు. నేను చెప్పాను కదా ఒకసారి. చెబితే వింటాడు. కదరా?"

అతను తల ఊపాడు.

నోరు విప్పలేదు, అబద్ధం ఆడలేదు. తల ఒక్కసారి కిందికీ పైకీ కదిలింది, అంతే. కదిలాక మాత్రం తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఎక్కడ సలుపుతోందో చెప్పుకునే వీలు లేదు.

"సరే," అంది డైటీషియన్, నిట్టూర్చి. "మూలం దొరక్కపోతే నేను అన్నీ బిగించాల్సిందే అమ్మా. మళ్ళీ ఇలా జరిగితే కష్టం." పెన్ను మూత తీసింది. బంగాళాదుంప మీద గీత పడింది. క్యారెట్ మీద గీత. బీన్స్. సగం ఆపిల్ ముక్క. పెన్ను కాగితం మీద బరుకుతూ పోతుంటే అక్క ఒక్కో గీతనీ తన వీపు మీద వాత పడుతున్నట్టు చూసింది.

బావని చూడడానికి లోపలికి వెళ్ళాడు. బావ మొహం పీక్కుపోయింది గాని కళ్ళు తేటగానే ఉన్నాయి. దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"చెప్పలేదు కదా?"

"లేదు."

"మంచి పని చేశావు. చెబితే మీ అక్క నిన్ను గడప తొక్కనివ్వదు. ఎట్లాగూ దుంపల మీదికి పోయింది. పోనీ. దుంపలకేం నోరుందా, వాయుందా?" అని కన్నుగీటాడు.

చిక్కనయ్యకి హాయిగా అనిపించింది. ముందు హాయిగానే అనిపించింది, అదే అసలు సంగతి. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక తల కొట్టేసినట్టయింది. బతుకు కోరేవాడు బావమరిది అంటారు. తను కోరిన బతుకు బావని చావు గుమ్మం దాకా తీసుకుపోయింది. అది చాలక, ఆ నేరాన్ని అక్క నెత్తిన పెట్టి వచ్చాడు.

బుధవారం బావని ఇంటికి పంపారు. అక్క సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. అతను వెళ్ళేసరికి పొయ్యి ముందు నిలబడి ఉంది, పొయ్యి మాత్రం వెలగలేదు. ముందు క్యాబేజీ, చేతిలో కత్తి. కోయడంలేదు.

"ఎంత కోయాలో తెలియట్లేదురా," అంది. "రాత్రి కల్లో కూడా దుంపలే. ఈ కూర పెడితే ఏమవుతుందో, ఆ కూర పెడితే ఏమవుతుందో. ఆసుపత్రి క్యాంటీన్ నుంచి ఉత్త అన్నం తెప్పించి పెట్టాను పొద్దున. ఆయన రెండు ముద్దలు తిని లేచిపోయారు."

"అక్కా, నువ్వేం తప్పు చేశావని..."

"ఇంకేం చేయాలి? బళ్ళో పెద్దమేడంగారికి చెప్పేశాను. శుక్రవారం వంటగది తాళంచెవులు ఇచ్చేస్తాను. ఒక్క మనిషికి సరిగ్గా వండలేనిదాన్ని. నాలుగు వందల మంది పిల్లల కంచాల్లో నా చెయ్యి ఎట్లా పెట్టను?"

ఇరవై ఏళ్ళలో ఆమె వంట తిని ఒక్క పిల్లకి కడుపునొప్పి వచ్చిందన్నది లేదు. ఉప్పు చిటికెతో తీసి గుండిగలోకి విసిరితే తూకం వేసినట్టు సరిపోయేది. ఆ చెయ్యి ఇప్పుడు కత్తిని క్యాబేజీ మీద ఆనించి మళ్ళీ తీసేసింది. అతను చెప్పేద్దామనుకున్నాడు. పక్కగదిలోంచి బావ దగ్గాడు. మాట మింగలేక, కక్కలేక, బల్ల మీది ఖాళీ సీసాని అట్నుంచి ఇటు జరిపి వచ్చేశాడు. వస్తుంటే గుమ్మంలో బావ చొక్కా పట్టుకున్నాడు.

"ఎనిమిది వద్దులేరా. నాలుగు కాయలది తే. నాలికంతా సున్నం పూసినట్టుంది."

"నోరు కట్టుకో బావా!" అన్నాడు. జన్మలో బావ మీద అంత గొంతు లేపలేదు. బావ చొక్కా వదిలేశాడు.

గురువారం పొద్దున షాపు తెరిచి నారింజకాయలు అడ్డంగా కోసి పేర్చుకున్నాడు. ఒక ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. భుజానికి సంచి, కళ్ళ కింద రెండు రాత్రుల నలుపు.

"మీరేనా చిక్కనయ్య? లోపల వార్డులో అందరూ మీ పేరే చెప్పారు. మా నాన్నకి. నోరు ఎండిపోతోందని ఒకటే గోల. మంచి చిక్కగా ఇవ్వండి, నీళ్ళు తగలకూడదు."

చెయ్యి అలవాటు కొద్దీ ఇంకో రెండు కాయల మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"ఏం జబ్బమ్మా నాన్నగారికి?"

"కిడ్నీలు. నిన్ననే మిషను మీద పెట్టారు."

అతను సగం కాయని తిరగేసి బల్ల మీద పెట్టాడు. రసం పిండే మిషను పిడి వదిలేశాడు.

"ఇవ్వనమ్మా."

"అదేమిటి?"

"ముందు లోపల అడగండి. ఆయనకి... పొటాషియం ఎంత ఉందో అడగండి." ఆ మాట అతని నోటినుంచి రావడం అదే మొదటిసారి. నాలికకి అడ్డంపడింది. "వాళ్ళు ఒక కాగితం ఇస్తారు. అందులో ఏ పండు ఎంత అని రాసి ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క అట. నేను చెప్పలేను."

"బావుంది సంబడం! పండ్లరసం షాపు పెట్టుకుని పండ్లరసం ఇవ్వనంటారేమిటండీ? నేనేమైనా విషం అడిగానా?"

ఆవిడ విసురుగా ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంది. మెట్టు దిగి, ఏదో తట్టినట్టు వెనక్కి చూసి, పక్క షాపు వైపు వెళ్ళబోయి, మళ్ళీ ఆసుపత్రి వైపే నడిచింది. అతను ఆవిడ గేటు లోపలికి వెళ్ళేదాకా చూశాడు.

అప్పుడు మిగతావాళ్ళు గుర్తొచ్చారు. ఫ్లాస్కులు, స్టీలు డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు. "మా ఆయనకండీ," "మా పిల్లవాడికండీ." ఏ జబ్బని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. జబ్బు మనిషికి అంటే చాలు, ఇంకో రెండు కాయలు. పదకొండేళ్ళు. ఎవరికి ఏమైందో వచ్చి చెప్పేదెవరు? మళ్ళీ రాకపోతే ఊరికి వెళ్ళిపోయారనుకున్నాడు. కోసిన కాయలన్నిటి మీదా తడిగుడ్డ కప్పి, షట్టరు దించేశాడు.

మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి అక్క వంటింట్లో నేల మీద కూర్చుని గిన్నె తోముతోంది. తోమిందే తోముతోంది. బావ అప్పుడే మిషను నుంచి వచ్చి పక్కగదిలో పడుకున్నాడు.

"అక్కా. దుంపలు కాదు," అన్నాడు నిలబడే.

"ఏం దుంపలు?"

"బావకి రోజూ రసం తీసుకెళ్ళాను. పది రోజులు. ఎనిమిది కాయలది. గడ్డకట్టించి, నీళ్ళు తీసేసి, చిక్కగా చేసి. నీళ్ళే కదా వద్దన్నారని. నేనే ఇచ్చాను."

పీచు గిన్నె మీద ఆగింది. అక్క తల ఎత్తలేదు.

"సోమవారం కూడానా?"

"సోమవారం కూడా."

పక్కగదిలో మంచం కిర్రుమంది. "ఏమిటే అక్కడ?"

"మీరు నోరెత్తకండి!" అంది అక్క, గొంతు పెంచకుండానే. "మీ వంతు ఇంకా రాలేదు."

మంచం మళ్ళీ చప్పుడు చేయలేదు. అక్క గిన్నె పక్కన పెట్టి చేతులు కడుక్కుని లేచింది. కొడుతుందనుకున్నాడు. కొట్టినా బావుండేదనుకున్నాడు.

"రసం పోశావు. అది తెలివితక్కువతనం. బావ మీద ప్రేమతో గడ్డి తిన్నావనుకుంటాను. ఆ అమ్మాయి ముందు తల ఊపావు చూడు, అదేమిట్రా?"

అతను గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

"నిన్ను చూపించి చెప్పాను నేను. నా తమ్ముడు అని చెప్పాను. నువ్వు తల ఊపావు. ఆ తర్వాత ఆ పిల్ల గీతలు కొడుతుంటే నిలబడి చూశావు. నేను తాళంచెవులు ఇచ్చేస్తానంటే సీసా అటూ ఇటూ జరిపి వెళ్ళిపోయావు. నువ్వు చిన్నప్పుడు కుండ పగలగొట్టి కూడా ముందు నా దగ్గరికే వచ్చి చెప్పేవాడివి కదరా."

"సిగ్గేసింది అక్కా."

"ఆహా. నీకు సిగ్గేస్తే నేను మోయాలన్నమాట."

దానికి అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. అక్క వెళ్ళి అల్మరా తలుపు బార్లా తెరిచింది. "చదువు," అంది. "పైకి చదువు. ఆ గదిలో ఉన్నాయనకి కూడా వినబడాలి."

చదివాడు. అతనిది పెద్ద చదువేం కాదు, కూడబలుక్కుంటూ చదివాడు. రెండో పేజీలో ఉంది. పండు తింటే ఒకటి తింటారు, రసం తాగితే ఒకే గ్లాసులో నాలుగైదు పండ్లది దిగుతుందని. నారింజ, అరటి, కొబ్బరినీళ్ళు, దానిమ్మ, టమాటా వద్దని. ఎండబెట్టినవి, చిక్కబరిచినవి అసలు ముట్టవద్దని. ఆ మాట దగ్గర ఆగిపోయాడు. చిక్కబరిచినవి. తన విద్య పేరు, అచ్చులో, వద్దన్న వాటిలో. ఆ కాగితం ఏడాదిగా ఇక్కడే ఉంది. మిరియాల డబ్బా తీసుకోవడానికి ఈ తలుపు తనే ఎన్నిసార్లు తెరిచాడో.

"ఆగావేం?" అంది అక్క. "ఇంకా రెండు పేజీలున్నాయి."

శుక్రవారం పొద్దున ఇద్దరూ డైటీషియన్ దగ్గరికి వెళ్ళారు. అక్క తలుపు దగ్గరే ఆగి, "వీడు చెబుతాడు," అంది. అతను ఎదురుగా కూర్చుని, పనివాడు పని సంగతి చెప్పినట్టే చెప్పాడు. కాయ ఎంత ఉంటుంది, ఎన్ని కాయలు, ఎంత రసం, ఎంత మంచు సీసాలో మిగిలింది, ఎంత గ్లాసులోకి దిగింది. ఆ అమ్మాయి మధ్యలో ఆపలేదు. కాగితం మీద లెక్క వేసుకుంది.

"నీళ్ళు తీసేస్తే పొటాషియం పోదండీ. నీళ్ళే పోతాయి. ఆ ఒక్క గ్లాసులోనే ఆయన రోజు మొత్తం మీద తీసుకోవాల్సినదాంట్లో సగం దాకా ఉంది. మిగతా తిండి దాని మీద." పెన్ను కింద పెట్టింది. "ఇలా మీరు ఇంకెవరికైనా ఇచ్చారా?"

"ఇది ఇవ్వలేదమ్మా. మామూలు రసం ఇచ్చాను. ఎవరికిచ్చానో తెలియదు. అడగలేదు."

ఆ అమ్మాయి తిడుతుందని చూశాడు. తిట్టలేదు. "అందరికీ చెడు చేస్తుందని కాదు. జ్వరం తగ్గినవాళ్ళకి మంచిదే. కిడ్నీ మనిషికే ఈ బాధ. ఇకనుంచి ఏ జబ్బని అడగండి. అడిగితే సగం ప్రమాదం మీ దగ్గరే ఆగిపోతుంది," అంది. తర్వాత బావ కాగితం కొత్త ప్రతి తీసి మళ్ళీ రాసింది. బీన్స్, క్యారెట్, ఆపిల్. ఒక్కోటీ రాస్తూ అక్కకి చూపించింది. "మీ వంటలో తప్పు లేదమ్మా. నేనే అనవసరంగా బిగించాను, మూలం తెలియక."

అక్క ఆ కాగితాన్ని మడతపెట్టి జాకెట్లో దోపుకుంది. బయటికి వచ్చాక అతని కన్నా నాలుగడుగులు ముందే నడిచింది. వీధి మలుపు దగ్గర మాత్రం ఆగి, "నేను బడికి పోతున్నాను. తాళంచెవులు ఇవ్వనని పెద్దమేడంగారికి చెప్పాలి," అంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "రేపు బావ డబ్బా నువ్వే కట్టు. ఏం చేస్తావో చూస్తాను."

శనివారం తెల్లవారాక అక్క వంటింట్లో చేతులు కడుక్కుని నిలబడ్డాడు. కొత్త కాగితం ఎదురుగా తలుపు మీద ఉంది. క్యారెట్లకి పైచెక్కు తీసి, పలచటి బిళ్ళలుగా కోశాడు. బీన్స్ ఈనెలు తీసి చిన్న ముక్కలు చేశాడు. కాగితంలో చెప్పిన గిన్నెతో కొలిచాడు. కొలత మించిన ముక్కల్ని తీసి పక్కన పెట్టాడు. చేతికి తెలిసిన కొలతని నమ్మకుండా గిన్నెతో కొలవడం పుట్టాక ఇదే మొదలు. ముక్కల్ని గోరువెచ్చటి నీళ్ళలో వేసి, గడియారం చూసుకుని నానబెట్టాడు. వంపేసి కడిగాడు. పెద్ద గిన్నె నిండా నీళ్ళు పెట్టి మరిగాక అందులో వేశాడు.

ఉడికే నీళ్ళు మెల్లగా రంగు తేలాయి. పండులోని సారం ఒక్క చుక్క కూడా పోనివ్వకుండా పట్టుకోవడమే ఇన్నాళ్ళూ అతని పని. ఇప్పుడు సారమే పారబోయాలి. సింకు దగ్గర గిన్నె వంచుతుంటే ఆ నీళ్ళ వాసనకి చెయ్యి ఒక్కసారి తటపటాయించింది. వంపేశాడు. పూర్తిగా, ఆఖరి బొట్టు దాకా వంపి, జల్లెడలో ముక్కల్ని ఆరబెట్టాడు.

బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, ఆసుపత్రికి వెళ్ళే చొక్కా తొడుక్కుని. ఏదో హాస్యమాడబోయాడు. అక్క చెప్పులు వేసుకుంటూ తల ఎత్తి చూడగానే మానుకున్నాడు. నిన్న సాయంత్రం ఆయన వంతు కూడా అయిపోయింది.

"నేనూ అడక్కుండా ఉండాల్సింది," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ.

"నువ్వు అడక్కముందే తెచ్చాను బావా," అన్నాడు చిక్కనయ్య. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బాణలిలో చెంచాడు నూనె వేసి, తాలింపు పెట్టి, ముక్కలు వేసి రెండు తిప్పులు తిప్పాడు. మిరియాల పొడి చల్లాడు. అన్నం ఒకవైపు, కూర ఒకవైపు డబ్బాలో సర్దాడు. అంచులు తుడిచాడు.

అక్క వచ్చి మూత తీసింది. ఒక క్యారెట్ బిళ్ళని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసింది. నోట్లో వేసుకుని నమిలింది. ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. తలుపు మీది కాగితాన్ని ఒకసారి, గట్టు మీద పక్కకి తీసిపెట్టిన ముక్కల్ని ఒకసారి చూసింది.

"ఇంకాస్త ముందే దించాల్సింది," అంది.

"సరే అక్కా."

మూత బిగించి, గుడ్డలో చుట్టి, ముడి వేసి, రెండు చేతులతో అందించాడు. అక్క డబ్బా తీసుకుని సంచిలో నిలువుగా పెట్టుకుంది. బావ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.